రంగూన్ అణా

పదిహేనేళ్ళుగా ఎవరూ అడగని వస్తువును పోయిన నెల ఒక ఆదివారం మా అన్న మనవరాలు కీర్తన స్కూటీకి స్టాండు వేయకముందే అడిగింది. "అవ్వా, నీ దగ్గర పళయ కాసుల డబ్బా ఉండును కదా, ఎక్కడ పెట్టినావు?" పాత నాణేల మీద ఈ పిల్లకు ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని నేను మురిసేలోపే ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. అందులో ఒకాయన, ముహూర్తం దాటిపోతున్న పెళ్ళిలో పురోహితుడిలా, ఫలానా బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళ మీ ఇంట్లో ఉంటే మీరు లక్షాధికారులు, ఫలానా అంచు ఉన్న పైసా ఉంటే కోటీశ్వరులు అని తమిళంలో చెప్పుకుపోతున్నాడు. ఎన్ని లక్షలమంది చూశారో కింద వేసి ఉంది. ఆ లక్షలమందిలో లక్షాధికారులు ఎందరయ్యారో మాత్రం వేయలేదు. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. నా పింఛను కాగితంలో లేని కోటి నా బిస్కెట్ డబ్బాలో ఉందంటే ఎవరికి చేదు? బీరువా మీది నుంచి డబ్బా దించి ఇచ్చాను.

కీర్తన దాన్ని మంచం మీద బోర్లించింది. కాసులు పడ్డ చప్పుడే రాలేదు. నా కాసులన్నీ బ్యాండేజీ గుడ్డలో చుట్టి ఉంటాయి, ఒక్కొక్కదానికీ కట్టు విప్పాలి. "ఏంది అవ్వా, అన్నిటికీ యాక్సిడెంటు అయినట్టు ఉండాది" అని విసుక్కుంటూ విప్పి, ఫొటోలు తీసి, చాలావాటిని పనికిరానివని ఒక పక్కకు తోసేసింది. చివరికి అంచు పూరేకుల్లా వంకీలు తిరిగిన ఒక బిళ్ళ దగ్గర ఆగింది. దానికి ఒక పక్క తెల్లరాజు తల. రెండో పక్క నడుమ ఒకటి అంకె, చుట్టూ ఇంగ్లీషు కాక ఇంకో నాలుగు రకాల రాతలు. అందులో ఒకదాని మీద గోరు పెట్టి, "ఇది వెలినాడు కదా? ఏ దేశం ఎళుత్తు ఇది, జిలేబీ మాదిరి?" అంది. మా ఊళ్ళో వెలినాడు అంటే విదేశం, ఎళుత్తు అంటే అక్షరం. ఆ పిల్ల తెలుగులోనే అడిగింది. నాకు నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఆగింది. యాభై ఏళ్ళ కిందట అదే బిళ్ళ మీద, అదే చోట గోరు పెట్టి, అదే మాట అడిగింది నేను.

మా ఊరి సంగతి తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. రాజపాళయంలో మాలాంటి ఇళ్ళలో పుట్టడం తెలుగులో, పోవడం తెలుగులో, నడుమ తిట్టుకోవడం కూడా తెలుగులోనే. రాత మాత్రం తమిళం. శుభలేఖ తమిళం, చాకలి పద్దు తమిళం, మా అవ్వ పాడుకునే తెలుగు పాటలు కూడా తమిళ అక్షరాల్లో రాసుకున్నవే. ఎన్నో తరాల కిందట మావాళ్ళు దక్షిణానికి వచ్చేటప్పుడు దేవుళ్ళను తెచ్చుకున్నారు, వేటకుక్కలను తెచ్చుకున్నారు, రోషాన్ని రెండు మూటలు ఎక్కువే తెచ్చుకున్నారు. అక్షరాలను మాత్రం దారిలో ఏ సత్రంలోనో మరిచిపోయారు. మేం తెలుగోళ్ళం అని రొమ్ము చరుచుకునే పెద్దల రొమ్ము మీదే తెలుగులో పేరు రాస్తే, అది ఎవరి పేరో వాళ్ళకు తెలియదు.

నాకు నాణేల పిచ్చి ఏడో తరగతిలో పట్టింది. పట్టించింది మా సాంఘికశాస్త్రం టీచరమ్మ. బడి పండుగకు పిల్లలంతా హాబీ ప్రదర్శన పెట్టాలన్నారు. హాబీ అంటే ఏమిటని అడిగితే పని లేనప్పుడు చేసేది అన్నారు. మా ఇంట్లో పని లేనప్పుడు నిద్రపోతారు. దాన్ని బల్ల మీద పరిచి చూపించడం కష్టం. స్టాంపులు చేరుద్దామంటే మాకు వచ్చే ఉత్తరాలేవీ మదురై దాటినవి కావు. కాసులైతే ప్రతి ఇంట్లోనూ ఉంటాయి కదా అని వాటికి దిగాను. ఆ మాట మా ఇంటికి అంతగా వర్తించదని తరవాత తెలిసింది.

మా నాన్న సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో పనిచేసేవాడు. పొద్దున మిల్లు సైరను, మా మాటలో సంగు, కూయగానే లేచి, టవున్ బస్సులో పోయి, సాయంత్రానికి నెత్తినిండా దూది పొట్టుతో ఒక్కరోజులోనే ముసలివాడై తిరిగొచ్చేవాడు. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు ఇంట్లో గుట్టలుగా పడి ఉండేవి. అవ్వ వాటితో దీపానికి వత్తులు చేసేది, పాలు వడగట్టేది, పచ్చడి జాడీకి వాసెన కట్టేది. మా ఇంట్లో జాడీలకు, చెంబులకు, గొడుగు పిడికి, అన్నిటికీ కట్లుండేవి. దెబ్బ తగిలించుకున్న పిల్లలకు మాత్రం పసుపు. నా సేకరణకూ ఆ గుడ్డే పరుపయింది. అల్యూమినియం పైసా, వంకీల రెండు పైసలు, ఆరు మూలల మూడు పైసలు, తామరపువ్వున్న ఇత్తడి ఇరవై పైసలు, దేనికదే కట్టు కట్టి డబ్బాలో పడుకోబెట్టాను. అవన్నీ అప్పటికి బజారులో చెల్లుతున్నవే. లోకం దాన్ని చిల్లర అనేది, నేను సేకరణ అనేదాన్ని. ఆ తేడా అవ్వకు ఎంత చెప్పినా ఎక్కలేదు. వీధిలో కీరలు, అంటే ఆకుకూరలు, అమ్మే ఆమె అరుపు వినపడితే నా డబ్బా తెరిచి తామరపువ్వు తీసుకుపోయేది. సాయంత్రం ఆ చోట రెండు పది పైసలు పెట్టి, మరిచిపోకుండా కట్టు కూడా కట్టేది. నేను ఏడిస్తే, "ఇరవైకి ఇరవై పెట్టినాను కదా, ఏమి తక్కువైనాది నీకు?" అనేది. ఏ మ్యూజియంలోనూ ఇంత నిజాయితీగా దొంగతనం జరిగి ఉండదు.

టీచరమ్మ ఇంకో నియమం పెట్టారు. బల్ల మీద రెండు భాగాలుండాలి, మన దేశం ఒకటి, వెలినాడు ఒకటి. వెలినాడు లేకపోతే బల్లే లేదు. నా తరగతిలో ఒక మిల్లు యజమాని కూతురుండేది. వాళ్ళ నాన్న యంత్రాలు కొనడానికి జపాను, జర్మనీ తిరిగి, జేబులో మిగిలిన చిల్లరంతా తెచ్చి కూతురి ఒళ్ళో పోసేవాడు. ఆమెకు కరువల్లా మన దేశమే, ఇంట్లో అందరూ నోట్లే వాడతారట. నాకు దేశం పుష్కలంగా ఉంది, విదేశమే లేదు. అప్పుడు గుర్తొచ్చాడు తాత.

వీధిలో ఆయన్ని రంగూన్ తాత అనేవారు. వయసులో ఉండగా మద్రాసులో ఓడెక్కి రంగూన్ వెళ్ళి, రెండేళ్ళు బియ్యం మిల్లులో పనిచేసి వచ్చానని చెప్పేవాడు. మా ఇంట్లో ప్రతి పనికీ రంగూన్ పద్ధతి అని ఒకటుండేది. కాఫీ గ్లాసు అంచు రెండు వేళ్ళతో పట్టుకోవడం రంగూన్ పద్ధతి. గొడుగును మూడుసార్లు విదిలించి మడవడం రంగూన్ పద్ధతి. వాన అంటే రంగూన్ వాన, మా ఊళ్ళో పడేదాన్ని ఆయన చెమట అనేవాడు. ఆయన గదిలో కొబ్బరినూనె, పొగాకు, కర్పూరం కలిసిన వాసన ఒకటి ఉండేది. అది రంగూన్ వాసనే అని చాలా ఏళ్ళు నమ్మాను.

ఈ రంగూన్‌ను నమ్మని మనిషి ఒకాయన ఉండేవాడు. అవ్వ తమ్ముడు, మాకు మామతాత. చోళపురంలో పత్తి పండించేవాడు. వారానికి రెండుసార్లు అక్కను చూసే నెపంతో వచ్చి బావను కదిలించిపోయేవాడు. ఆయన లెక్క ప్రకారం బావ మద్రాసు దాకా పోయినాడు, సముద్రం చూసినాడు, వెనక్కి తిరిగినాడు. ఆ రెండేళ్ళూ చెంగల్పట్టు బియ్యం మిల్లులో మూటలు మోసినాడు, అంతే.

"బావా, రంగూన్‌లో బస్సుకు ఎంత తీసుకొందురు?" అని మొదలుపెట్టేవాడు.

"అక్కడ బస్సు కాదు, ట్రాము."

"చెంగల్పట్టులో ట్రాము ఎప్పుడు వేసినారు?"

తాత లేచి, చెక్కపెట్టె తెరిచి, ఈ వంకీల అణా తెచ్చి మామతాత అరచేతిలో పెట్టేవాడు. "ఇదో, బర్మా ఎళుత్తు. ఇది చెంగల్పట్టులో దొరుకునా?"

"ఇంగ్లీషులో ఇండియా అని ఉండాది కదా బావా."

"అప్పుడు బర్మా ఇండియాతో కలిసి ఉండె. తెల్లోడు అక్కడికీ ఇక్కడికీ ఒకటే కాసు వేసె. హిందీ, ఉర్దూ, బెంగాలీ, బర్మా. లెక్క సరిపోయినాదా?"

హిందీ మా అందరికీ తెలుసు, రైలు స్టేషను బోర్డు మీద తారు పూసి ఉండే భాష. ఉర్దూ బిర్యానీ కొట్టు మీద చూసినదే. బెంగాలీ హిందీకి చెల్లెలిలా ఉంది. నాలుగోదాన్ని మామతాత వెలుతురులో తిప్పి తిప్పి చూసి, నిజంగానే తెలియదు కాబట్టి, మజ్జిగ తాగి సైకిలెక్కేవాడు. తాత రంగూన్ మొత్తం, దాని ట్రాములు, వానలు, బియ్యం మిల్లులు అన్నీ ఆ ఒక్క అణా మీద నిలబడి ఉండేవి.

నేను అడగగానే తాత ఇచ్చాడు, ఒక షరతు మీద. పక్కన అట్ట పెట్టాలి. గుడ్డ చుట్టల్లో వచ్చే అట్ట ఒకటి కత్తిరించి, ఆయన చెప్పినట్టే తమిళంలో రాశాను. 'బర్మా దేశపు అణా. రంగూన్ నగరం నుంచి మా తాతగారు స్వయంగా తెచ్చినది.' స్వయంగా కింద రెండు గీతలు కొట్టించాడు.

ప్రదర్శన రోజు నా బల్ల ధర్మాసుపత్రి వార్డులా ఉంది. తెల్లటి గుడ్డ మీద ఒక పక్క దేశమంతా వరసగా పడుకుని ఉంది, రెండో పక్క ఒంటరిగా బర్మా. చూడటానికి వచ్చిన పెద్దల్లో ఒక మిల్లుకు కొత్తగా వచ్చిన స్పిన్నింగ్ మాస్టరు ఉన్నాడు, గుంటూరు వైపు మనిషి. నా ముందు ఆగి, "ఇవన్నీ నువ్వే పోగేశావా పాపా?" అన్నాడు. ఆ తెలుగు నాకు సినిమాలా వినపడింది. "అవును సార్, నేనే చేర్చి పెట్టినాను" అన్నాను. ఆయనకు తమిళం చదవడం రాదు. అట్ట మీద ఏముందో చెప్పమంటే చదివి వినిపించాను. ఆయన అణా తీసుకుని, కళ్ళద్దాలు పైకి నెట్టి, తిప్పి చూసి, "ఒక అణా" అన్నాడు.

"అణానే సార్."

"అది కాదమ్మా. ఇక్కడ రాసుంది. ఒ, క, అ, ణా. తెలుగు."

"మన తెలుగా సార్?"

"మన తెలుగే. నీకు చదవడం రాదూ?"

"మాట్లాడుదును సార్. ఎళుత్తు లేదు."

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, అట్ట వెనక్కి తిప్పి, నాలుగక్షరాలూ పెద్దగా రాసి పక్కన అణా పెట్టాడు. అవే వంకరలు, అవే సున్నలు. అప్పటిదాకా నాకు ఒక్కటంటే ఒక్క విదేశం ఉండేది. అది కాస్తా మాతృభాష అయిపోయింది.

ప్రైజు పోతుందన్న దిగులు కూడా నాకు కలగలేదు, ఎందుకంటే అప్పుడే గేటు దగ్గర తాత కనిపించాడు. ఇస్త్రీ జిబ్బా, రంగూన్ పద్ధతిలో మడిచిన గొడుగు. వెనకే మామతాత. "సార్, మా తాత వచ్చును" అన్నాను గబగబా. "ఆయనతో చెప్పొద్దు సార్. రంగూన్‌కు ఆయన దగ్గర ఇది ఒకటే ఉండాది." మాస్టరు నన్ను చూశాడు, గేటు వైపు చూశాడు, పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

తాత వచ్చీ రాగానే చేతులు జోడించాడు. "మన తెలుగోళ్ళా సార్? సంతోషం. చూసినారా, ఇది నేను తెచ్చినది. నాలుగు రోజులు కప్పల్లోనే పోయినాను."

"కప్పల్లోనా?" అన్నాడు మాస్టరు.

మా ఊళ్ళో కప్పల్ అంటే ఓడ. గుంటూరు వైపు కప్పలు వేరే ఉంటాయని నాకు చాలాకాలానికి గానీ తెలియలేదు. పాపం ఆయన కళ్ళకు మా తాత నాలుగు రోజులపాటు బెకబెకల నడుమ కూర్చుని ప్రయాణం చేస్తున్నట్టు కనిపించి ఉంటాడు.

మామతాతకు ఇలాంటి అదను మళ్ళీ రాదు. "సార్, మీరు చదువుకొన్నోళ్ళు. మాకు తెలియదు. ఈ ఎళుత్తు బర్మాదేనా, మీరే చెప్పండి" అని అణాను తీసి ఆయన ముందు పట్టాడు. టీచరమ్మ కూడా వచ్చి నిలబడింది. మిల్లు యజమాని కూతురు జర్మనీని వదిలేసి ఇటు తిరిగింది. మాస్టరు అణాను మళ్ళీ తిప్పి చూశాడు. తరవాత దాన్ని మామతాత చేతిలో కాక తాత అరచేతిలో పెట్టి, "నాకు బర్మా భాష రాదండీ" అన్నాడు.

ఆ తరవాత జీవితంలో నిజాలు చాలా విన్నాను. ఇంత పనికొచ్చిన నిజం ఇంకొకటి వినలేదు.

"చూస్తివా? గుంటూరోళ్ళకే తెలియలేదు" అన్నాడు తాత. మామతాత ముఖం పులిసిన మజ్జిగ తాగినట్టయింది. నాకు ఓదార్పు బహుమతిగా ప్లాస్టిక్ సబ్బుపెట్టె వచ్చింది. ఆ సంతోషంలో అణాను, అట్టను కలిపి తాతకు ఇచ్చేశాను. అట్టకు వెనక వైపు ఒకటుందని మర్నాడు రెండో పీరియడులో గుర్తొచ్చింది.

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే ఇంటికి పరిగెత్తాను. తాత వసారాలో కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో అణా, ఒక చేతిలో తిరగేసిన అట్ట, ముక్కు మీద కళ్ళద్దాలు.

"పాపా, ఇది ఎవరు రాసినది?"

"గుంటూరు సారు."

"ఏమి ఎళుత్తు?"

మాస్టరు దగ్గరున్న విద్య నాకు లేకపోయింది. "మనది తాతా. తెలుగు. ఒక అణా అని రాసి ఉండాది" అన్నాను.

"సరి" అన్నాడు. కళ్ళద్దాలు తీసి మడిచాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రంగూన్ ఆగిపోయింది. కాఫీ గ్లాసును తాత అందరిలాగే గుప్పిటతో పట్టుకున్నాడు. గొడుగు ఎలా పడితే అలా మడిచాడు. ఒక సాయంత్రం వాన పడితే, "వాన" అన్నాడు. అవ్వ వంటింట్లోంచి తొంగి చూసింది. మామతాత వచ్చి ట్రాము సంగతి ఎత్తితే, "ఏమో, మరిచిపోయినాను" అన్నాడు. మామతాత బిత్తరపోయాడు. మజ్జిగ సగం వదిలేసి, "అక్కా, బావకు ఒళ్ళు సరి లేదా? డాక్టరు దగ్గరికి పిలుచుకొని పోదామా?" అని వంటింటి గుమ్మంలో గుసగుసలాడాడు. వాదించడానికి బావ లేకపోతే చోళపురం నుంచి మా ఇల్లు ఆయనకు ఎంత దూరమయ్యేదో ఆ ముఖంలో కనిపించింది. ఒక దేశాన్ని ముంచేసిన అపరాధం నాది. కట్టు కట్టడానికి గుడ్డ ఇంటినిండా ఉంది, ఎక్కడ కట్టాలో తెలియలేదు.

కట్టింది అవ్వ. పెళ్ళయి నలభై ఏళ్ళలో రంగూన్ గురించి ఒక్క ప్రశ్న అడిగిన మనిషి కాదు. నమ్మిందో లేదో ఎవరికీ తెలియదు. తమ్ముడు ఎగతాళి చేస్తే నవ్వేది కాదు, మొగుడు చెబితే ఊ కొట్టేది కాదు. ఆ వారం చివర వాన ముసురు పట్టి, తడిగుడ్డలు ఆరక ఇల్లంతా గంజి వాసన వేస్తుంటే, కాఫీ తెచ్చి తాత ముందు పెట్టి, "ఇదో, రంగూన్‌లో ఇట్ట వాన పట్టితే బట్టలు ఎట్ట ఆరేసుకొందురు?" అంది.

తాత గ్లాసు అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "అక్కడ ఇంటి లోపలనే తాడు కట్టుదురు" అన్నాడు. "కింద బొగ్గుల కుంపటి పెట్టుదురు." అవ్వ గోడకానుకుని కూర్చుని మొత్తం విన్నది.

మామతాత ఆ తరవాత వచ్చినప్పుడు తాత తనంతట తానే అణా తెచ్చాడు. "రంగూన్‌లో మన తెలుగోళ్ళు ఎంత మంది ఉంటిరో తెలుసునా నీకు? తెల్లోడు కాసు వేసేటప్పుడు మన ఎళుత్తు వేయక తప్పలేదు. ఇదో చూడు." వేలితో ఒక్కొక్క వంకర కింద ఆగుతూ చదివాడు. "ఒ. క. అ. ణా."

మామతాత మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "నీకు తెలుగు చదవ వచ్చునా బావా?"

"రంగూన్‌లో నేర్చుకొన్నాను" అన్నాడు తాత.

మామతాత ఆ రోజు మజ్జిగ రెండు గ్లాసులు తాగాడు.

నాలుగక్షరాలు నేర్చుకోవడం అని తెలుగువాళ్ళు అంటారు కదా. నేను అక్షరాలా నాలుగే నేర్చుకున్నాను. మిగతావి కూడబలుక్కునేటప్పటికి నలభై ఏళ్ళొచ్చాయి. అవి వచ్చాక పుస్తకాలు తిరగేస్తే తేలిందేమిటంటే, ఒకప్పుడు బర్మాలో మన అణాలే చెల్లేవి. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో తెలుగువాళ్ళు కుప్పలు తెప్పలుగా ఉండేవారు. అంటే తాత మాటల్లో నేను రుజువు చేయగలిగిన అబద్ధం ఒక్కటే. ఆయన తెలుగు నేర్చుకున్నది రంగూన్‌లో కాదు, మా ఇంటి వసారాలో. సాక్ష్యం ఆ అట్టే. మాస్టరు రాసిన నాలుగక్షరాల కింద, పెన్సిలు నొక్కి నొక్కి, అవే నాలుగు అక్షరాలు ఏడెనిమిది వరసలు దిద్ది ఉన్నాయి. మొదటి వరసలో ణా మీద ఒక సున్న ఎక్కువ. చివరి వరసలో అన్నీ కుదిరాయి. మా ఇంట్లో ఎన్ని తరాలకో తెలుగు రాసిన మొదటి మనిషి రంగూన్ తాత. అరవై దాటాక, పాత కథను కొంచెం మెరుగు చేసుకోవడానికి రాశాడు.

ఇదంతా నేను మనసులో విప్పుకునేలోపల కీర్తన ఫోను అణా మీద పట్టింది. ఫోను ఒక్క క్షణం ఆలోచించింది. మామతాత అన్నేళ్ళు వెలుతురులో తిప్పి తిప్పి చూసినా తేలనిది క్షణంలో తేలిపోయింది. "అవ్వా, ఇది తెలుగంట" అంది కీర్తన. 'అంట' అనడం నాకు భలే నచ్చింది. ఎవరో చెప్పగా విన్నట్టు.

"ఎంతకు పోవును ఇది?"

"దానిమీదే రాసుంది కదా. ఒక అణా."

ఆ పిల్ల నమ్మక ఫోనులో వెతికింది. ఇలాంటివి ఊరినిండా ఉన్నాయట. ఒక షేర్ ఆటో ఛార్జీకి అటూ ఇటూగా ఇస్తారట. కోటి అక్కడితో ఆగిపోయింది. కానీ పిల్ల లేవలేదు. డబ్బా అడుగున ఉన్న అట్ట తీసి, తమిళం వైపు చదివి, 'స్వయంగా' కింద రెండు గీతలు చూసి నవ్వి, వెనక్కి తిప్పింది. దిద్దిన వరసల మీద మెల్లగా వేలు పెట్టి పోయింది, పై నుంచి కిందికి.

"ఎవరు రాసినది ఇది?"

"మా తాత. రంగూన్ తాత అందురు."

"నిజంగా రంగూన్ పోయినారా అవ్వా?"

గుడ్డముక్క తీసుకుని అణాకు మళ్ళీ కట్టు కట్టడం మొదలుపెట్టాను. రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి, డబ్బాలో పడుకోబెట్టాను.

"నాకు బర్మా భాష రాదు పాపా" అన్నాను.